ఆరాధనకు ఒక్కటే శబ్దమా?

ఒక క్రైస్తవ బ్యాండు కొత్త ఆల్బం తెచ్చిందంటే మన సంఘాల్లో తీర్పు పాట వినకముందే వచ్చేస్తుంది. డ్రమ్స్ మోగాయి కాబట్టి అది లోకం. ఎలక్ట్రిక్ గిటారు ఉంది కాబట్టి అది సినిమా. చరణానికీ చరణానికీ మధ్య మ్యూజిక్ బిట్ పొడుగైంది కాబట్టి అది స్టేజీ షో. మెదక్ పాస్టరేటుల్లో క్వయర్ పెద్దలు ఈ మాట అంటారు. యూత్ కూడికల్లో అయ్యగార్లు దీన్నే హెచ్చరికగా చెబుతారు. ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తూ పెద్దవాళ్లు మళ్లీ అదే అనుకుంటారు. మరోవైపు సంగీతం బాగా వింటున్న కుర్రవాళ్లు ఇదే ఆల్బంను ఇంకో కారణంతో పక్కన పెడతారు. వాళ్ల లెక్కలో రాక్ అంటే తిరుగుబాటు, ప్రార్థనకు ట్యూన్ కడితే అది రాక్ కాదు, అటూ ఇటూ కాని రాజీ.

ఈ రెండు వర్గాలకూ పడదు గానీ, ఇద్దరి నమ్మకం ఒక్కటే. ఆరాధనకు ఒక శబ్దం ఉందనీ, లోకానికి వేరే శబ్దం ఉందనీ, రెంటి మధ్యా గోడ ఉందనీ, ఒకే ఆల్బంలో రెంటినీ పట్టాలనుకున్నవాడు గోడ మీద కూర్చున్నవాడనీ అనుకుంటున్నారు. ఆ గోడ ఏనాడూ లేదు. మన చర్చి కట్టడంలో లేదు, మన కీర్తనల పుస్తకంలో లేదు, బైబిల్లోని కీర్తనల గ్రంథంలోనూ లేదు. గోడ ఉందని పిల్లలను నమ్మించడం వల్ల వాళ్లు మంచి పాట కట్టే దారి మూసుకుపోతోంది. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

మెదక్‌లో ఉండి ఈ మాట అనేవాళ్లు ఒకసారి మన కెథడ్రల్ వైపు చూడాలి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, దాదాపు 175 అడుగుల ఎత్తున శిఖరం. కరువులో తిండి లేక అల్లాడిన చుట్టుపక్కల పల్లెల జనానికి పని, ఆ పనికి అన్నం. అలా లేచిన రాయి ఇది. కిటికీల్లోని రంగుటద్దాల చిత్రాలు ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడివి. నేల మీది పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి. కట్టడం శైలి గోతిక్. ఆ శైలి బేత్లెహేములోనూ పుట్టలేదు, యెరూషలేములోనూ పుట్టలేదు. పన్నెండో శతాబ్దంలో ప్యారిస్ దగ్గర పుట్టింది. పాస్నెట్ కాలానికి ఆ పద్ధతిలో చర్చిలే కాదు, లండన్ పార్లమెంటు భవనం ఉంది, బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ రైల్వే స్టేషనూ ఉంది. రైలు ఎక్కే చోటికి వాడిన కోణపు తోరణాలు దేవుని మందిరానికి తగవని ఎవరూ అనలేదు. ఈ రోజు ఆ తోరణాల కింద నిలబడితే మనకు ఇంగ్లండు గుర్తు రాదు, మెదకే గుర్తొస్తుంది. క్రిస్మస్ తెల్లవారుజామున ఆ మెట్లెక్కే హిందువులకూ ముస్లింలకూ కూడా అంతే.

ఇదే తెలంగాణలో డోర్నకల్ కెథడ్రల్ ఉంది. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య దాన్ని పూర్తిగా వేరే దారిలో కట్టించారు. గుడి స్తంభాల పోకడ, మసీదు గుమ్మటాల పోకడ కలిపిన ఆ మందిరం 1939లో ప్రతిష్ఠ అయింది. రెండూ నేడు దక్షిణ ఇండియా సంఘం మందిరాలే, రెంటిలోనూ ఒకే రొట్టె విరుస్తారు. కట్టడంలో ఇంత స్వేచ్ఛ ఇచ్చుకున్న సంఘం పాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క శబ్దమే పవిత్రమని పట్టుబట్టడం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

మెదక్ చర్చి కప్పు లోపలి పొరకు స్పంజి లాంటి పదార్థం వాడారనీ, శబ్దం కోసమే అలా చేశారనీ చెబుతారు. అయిదు వేలమంది కూర్చునే హాలు అది. మైకులు లేని రోజుల్లో అంతమందికి ప్రసంగం వినపడాలి. అంటే ఆ చర్చి కట్టినవాళ్లకు శబ్దం గురించి, అది గోడకు తగిలి ఎలా తిరిగొస్తుందన్నదాని గురించి పట్టింపు ఉంది. ఈ రోజు సౌండ్ సిస్టం దగ్గర కూర్చుని నాబులు తిప్పే కుర్రవాడు చేసేదీ ఆ పనే. అతన్ని మాత్రం లోకపు పని చేసేవాడిలా చూస్తాం. ఇంకో సంగతి కూడా ఉంది. ఎత్తైన రాతి మందిరాల్లో శబ్దం తొందరగా ఆరదు, వెంటవెంటనే పడే దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసి ముద్దవుతాయి. యూరప్ మందిర సంగీతం నెమ్మదిగా, సాగతీసినట్టు ఉండటానికి భక్తి ఎంత కారణమో గోడలూ అంతే కారణం. రేకుల షెడ్డులో జరిగే పల్లె ప్రార్థన కూటంలో ఆ సాగతీత నిలవదు. అక్కడ చప్పట్లు కావాలి, డోలక్ కావాలి. గోడ ఎత్తును బట్టి వచ్చిన అలవాటును మనం సిద్ధాంతం చేసుకున్నాం.

నెమ్మదిగా పాడితేనే భక్తి అనే పెద్దలు తమ వంశాన్ని తామే మరిచిపోయారు. మెదక్ సంఘానికి మూలం వెస్లియన్ మిషన్. ఆ పేరుకు మూలమైన వెస్లీ సోదరులలో తమ్ముడు చార్లెస్ ఆరు వేలకు పైగా గీతాలు రాశాడు. అన్న జాన్ 1761లో ఒక గీతాల సంపుటానికి పాడేవాళ్ల కోసం సూచనలు జోడించాడు. అందరూ పాడాలి, సగం చచ్చినవాళ్లలా పాడొద్దు, గొంతెత్తి పాడాలి, పాటను సాగదీయొద్దు అన్నది వాటి సారం. ఆనాటి ఇంగ్లండులో బైబిలు కీర్తనలు తప్ప మనిషి రాసిన గీతాలు ఆరాధనలో పాడటమే చాలామందికి తప్పుగా తోచేది. వెస్లీల అనుచరులైన మెథడిస్టుల కూటాల్లో ఆవేశం ఎక్కువని ఎగతాళి చేసేవాళ్లు. ఇప్పుడు మనం యూత్ బ్యాండును అంటున్న మాటలను ఒకప్పుడు మన తాతలు పడ్డారు.

ఇక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. ఇదే అసలైన ఆరాధన సంగీతం, దీనికి లోకం అంటలేదు అంటారు. పుస్తకం తెరిచి పాటల పైన ఏముందో చూడండి. ఫలానా రాగం, ఫలానా తాళం అని అచ్చు వేసి ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పుస్తకానికి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు పురుషోత్తమ చౌదరి (1803–1890). బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్మి, తెలుగులో కీర్తనలు కట్టారు. ఆ రాగాలను ఆయన ఎక్కడి నుంచి తెచ్చారు? గుళ్లలో పాడినవి, రాజాస్థానాల్లో పదాలకూ జావళీలకూ వాడినవి, నాటకాల్లో తెర లేచాక వినపడినవి. ఒకే రాగంలో ఒకరు రాముణ్ణి పిలిచారు, ఇంకొకరు ప్రియుణ్ణి పిలిచారు, చౌదరి గారు యేసును పిలిచారు. ఆ రోజుల్లో అంతకంటే జనానికి తెలిసిన సంగీతం, అంటే ఇవాళ మనం మెయిన్‌స్ట్రీమ్ అనేది, వేరే లేదు. ఆయన దాన్ని చేతులారా తీసుకున్నారు, వెనకాడలేదు. ఆ ధైర్యం వల్లే నూరేళ్లు దాటాక కూడా చదువు రాని ముసలమ్మ నోట ఆ కీర్తన ఉంది.

హార్మోనియం సంగతి తీసుకోండి. క్రైస్తవ కూటానికి ప్రాణం అది అంటారు. అది యూరప్‌లో పుట్టి, మన దేశానికి వచ్చి, ఇక్కడ చేతితో తోసే పెట్టెగా రూపం మార్చుకుంది. విదేశీ వాయిద్యం, మన గమకాలను పలికించలేదు అని ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. ముప్పై ఏళ్లు రేడియో గుమ్మం తొక్కనివ్వని పెట్టెను ఇప్పుడు మన సంప్రదాయం అని గిటారుకు ఎదురు నిలబెడుతున్నాం. యూరప్‌లో ఆర్గన్‌కూ ఇదే గతి పట్టింది. సంస్కరణోద్యమ కాలంలో జూరిక్ పట్టణంలో సంస్కర్త జ్వింగ్లీ చర్చి ఆర్గన్‌లను మూయించాడు, తర్వాత వాటిని పీకించేశారు. జ్వింగ్లీ స్వయంగా చాలా వాయిద్యాలు వాయించగలవాడు కూడా. ఏ వాయిద్యం పవిత్రమో నిర్ణయించే జాబితా తరానికోసారి మారుతూ వచ్చింది. ప్రతి తరమూ తన జాబితాను దేవుడే రాసిచ్చాడని నమ్మింది.

శ్రమల శుక్రవారం పాటల్లో లోకమంతా కన్నీళ్లు పెట్టుకుంటూ పాడే ఒక ట్యూన్ ఉంది. ముళ్ల కిరీటం పెట్టుకున్న తలను చూస్తూ పాడేది. బాఖ్ దాన్ని తన మత్తయి శ్రమల సంగీతంలో మళ్లీ మళ్లీ వాడుకున్నాడు. ఆ ట్యూన్ 1601లో హాన్స్ లియో హాస్లర్ అనే జర్మన్ సంగీతకారుడు అచ్చు వేసిన ప్రేమపాటది. ఒక అమ్మాయి వల్ల మనసు చెదిరిందని మొర పెట్టుకునే పాట. అర్ధశతాబ్దం గడిచేసరికి అది సిలువ పాట అయింది. ఇప్పుడు దాన్ని విని ప్రేమపాట అనుకునేవాడు లేడు. ట్యూనులో పాపం ఉంటే అది ఎక్కడికి పోయింది?

బైబిల్లోకే వెళదాం. ఇరవై రెండో కీర్తన, యేసు సిలువ మీద తన నోట పలికిన కీర్తన, దాని శీర్షికలోనే ఫలానా రాగం మీద పాడాలన్న సూచన ఉంది. అది అప్పటికే జనంలో ఉన్న పాట పేరు అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. నలభై అయిదో కీర్తన రాజుగారి పెళ్లిపాట. వధువు బట్టల జరీ, రాజు అంగీ సువాసన, తంతివాద్యాల సందడి అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఎవరూ పుస్తకం నుంచి తీసేయలేదు. నూట ముప్పై ఆరో కీర్తనలో ప్రతి పాదానికీ జనం ఒకే పల్లవి తిరిగి పలుకుతారు, అది గుంపు కోసం కట్టినది. ఎనభై ఎనిమిదో కీర్తన చీకట్లో ఒంటరివాడు మూలిగే పాట, దాన్ని గుంపుగా చప్పట్లు కొడుతూ పాడలేం. విని మౌనంగా ఉండాల్సిన పాట, లేచి పాడాల్సిన పాట ఒకే గ్రంథంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక బ్యాండు ఒకే ఆల్బంలో సగం పాటలు సంఘం పాడుకోవడానికీ, సగం పాటలు బస్సులో చెవుల్లో పెట్టుకుని వినడానికీ కడితే దాన్ని రాజీ అనేవాళ్లు కీర్తనల గ్రంథాన్ని ఏమంటారో చెప్పాలి.

సినిమా అన్న ముద్ర గురించి ఒక్క ఉదాహరణ చాలు. 1978లో విజయచందర్ యేసుగా నటించిన కరుణామయుడు వచ్చింది. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. యేసు సిలువ మోసుకుంటూ నడిచే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ పాట రాశారు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడారు. పక్కా సినిమా పాట, సినిమా ఆర్కెస్ట్రా, సినిమా గొంతు. అప్పటి నుంచి ఆ పాట వినపడని శ్రమల శుక్రవారం తెలుగు ఊళ్లలో ఎక్కడైనా ఉందా? సినిమా శబ్దం అపవిత్రమనే అయ్యగార్లే ఆ పాట వస్తే కళ్లు తుడుచుకుంటారు. అలాగే గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ ఏటా తెచ్చే కొత్త ఆల్బం పాటలు మన పల్లెల్లో కూడా నేర్చుకుని పాడతారు. వాటిలో కీబోర్డు ఉంది, రిథమ్ ఉంది, సినిమా పాట వినే చెవికి అలవాటైన మలుపులున్నాయి. అలవాటు పడ్డాక అవి మనవైపోయాయి. అంటే అభ్యంతరం శబ్దం మీద కాదు. ఇంకా అలవాటు కాకపోవడం మీద.

రాక్ సంగీతం సైతానుది అని ఇంకా నమ్మేవాళ్లకు ఒక స్త్రీ గురించి చెప్పాలి. సిస్టర్ రొసెట్టా థార్ప్. 1915లో అమెరికాలోని అర్కాన్సాలో నల్లజాతి కుటుంబంలో పుట్టింది. తల్లి సువార్త చెబుతూ ఊళ్లు తిరిగే మనిషి. చిన్నప్పటి నుంచి చర్చిలోనే గిటారు పట్టింది. 1938లో న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్ అనే నైట్ క్లబ్బులో పాడింది, అదే ఏడు రికార్డులిచ్చింది. చర్చి వాళ్లు మండిపడ్డారు. సువార్త పాటను మందు గ్లాసుల మధ్య పాడతావా అన్నారు. ఆమె రెండు చోట్లా పాడటం మానలేదు. 1944లో ఆమె రికార్డు చేసిన ఒక సువార్త పాట మరుసటి ఏడు నల్లజాతి శ్రోతల పాపులర్ పాటల పట్టికలో పైకి ఎక్కింది. రాక్ అండ్ రోల్‌కు తొలి అడుగుల్లో ఆ పాట ఒకటని సంగీత చరిత్రకారులు చాలామంది అంటారు. ఎల్విస్ ప్రెస్లీ, లిటిల్ రిచర్డ్, జానీ క్యాష్ ఆమె గిటారు విని ఎదిగినవాళ్లు. 1973లో ఆమె పోయింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను గుర్తించడానికి 2018 దాకా పట్టింది. బానిసల మనవళ్లు, మనవరాళ్లు తమ చర్చిల్లో చేతులు తట్టి, కాళ్లు నేలకు కొట్టి పాడిన పాట నుంచి వచ్చిన శబ్దాన్ని మనం ఇక్కడ కూర్చుని క్రీస్తుకు పరాయిది అంటున్నాం. ఆ శబ్దం చర్చిలో పుట్టి బయటికి వెళ్లింది. తిరిగి ఇంటికి వస్తే తలుపు వేస్తున్నాం.

ఆ తర్వాత వచ్చినవాళ్లకూ అదే బాధ. అమెరికా గాయకుడు లారీ నార్మన్ 1969లో పెద్ద కంపెనీ నుంచి తన మొదటి సోలో రాక్ ఆల్బం తెచ్చినప్పుడు క్రైస్తవ పుస్తకాల షాపులు అమ్మడానికి ఒప్పుకోలేదు. 1972లో ఆయన తెచ్చిన ఆల్బంను తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. ఇంగ్లండులో లిటిల్‌హాంప్టన్ అనే చిన్న సముద్రతీరపు ఊరి నుంచి డెలీరియస్ అనే బ్యాండు వచ్చింది. 1990ల మొదట్లో ఆ ఊరి యువకుల ఆరాధన కూటాలకు వాయించడంతో మొదలై, 1997లో కింగ్ ఆఫ్ ఫూల్స్ ఆల్బంతో బ్రిటన్ పాపులర్ చార్టుల్లో పదమూడో స్థానం దాకా వెళ్లింది. 1999లో మెజ్జామార్ఫిస్ పూర్తిగా రాక్ వైపు వంగింది. 2000లో గ్లో మళ్లీ సంఘం పాడే పాటల వైపు తిరిగింది. దారి తప్పారని కొందరు, వెనక్కి తగ్గారని కొందరు అన్నారు. నాకు కనపడేది వేరు. వాళ్లు ఆరాధన కూటాల్లో కట్టిన తొలి పాటలు ఇప్పటికీ ఖండాలు దాటి చర్చిల్లో పాడుతున్నారు. చార్టులకెక్కడం వల్ల ఆ పాటలకు ఏ నష్టమూ జరగలేదు. యూ2 అనే ఐరిష్ బ్యాండు క్రైస్తవ బ్యాండు అని పేరు పెట్టుకోలేదు. అయినా 1983లో వార్ ఆల్బంను నలభయ్యో కీర్తన నుంచి తీసుకున్న పాటతో ముగించింది. యుద్ధం పేరుతో ఉన్న రాక్ ఆల్బంలోని ఆ పాటతో కచేరీ ముగిస్తే స్టేడియం నిండా జనం ఒక కీర్తన పాడుతూ ఇంటికి పోయేవాళ్లు. మన అయ్యగార్లలో ఎంతమంది ప్రసంగం అంతమందిని అలా పాడించింది?

ఇప్పుడు మెదక్ జిల్లాకే తిరిగి వస్తాను, ఎందుకంటే అసలు గాయం ఇక్కడుంది. ఈ డయాసిస్ సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. మాదిగల చేతిలో తరతరాలుగా ఉన్న వాయిద్యం డప్పు. బోనాలకు, పీర్ల పండుగకు, చావుకు, ఊళ్లో చాటింపుకు, అన్నిటికీ డప్పు. నిజాం కాలంలో అది వెట్టిలో భాగం. దొర పిలిస్తే పోయి కొట్టాలి, కూలి అడగకూడదు. అందుకే క్రీస్తును నమ్మినవాళ్లు డప్పు దించడం విగ్రహారాధనను వదిలిపెట్టడమే కాదు, వెట్టిని వదిలిపెట్టడం కూడా. ఆ తాతల తలెత్తుకునే తెగింపును నేను తక్కువ చేయను. కానీ కాలం మారింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును మాదిగల గౌరవ చిహ్నంగా ఎత్తిపట్టింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు మోగని రాత్రి లేదు. బయట జనం డప్పును గుండెకు హత్తుకున్నారు. చర్చి లోపల మాత్రం చాలాచోట్ల అది ఇంకా గడప అవతలే ఉంది.

పి.వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు ఇదే డయాసిస్‌లోని వడియారం పాస్టరేటు పల్లెల్లో తిరిగి ఒక పుస్తకం రాశారు. 1968లో అచ్చయింది. పల్లె క్రైస్తవుల బతుకు, ఊరి పండుగలూ ఆచారాలూ ఎంతగా పెనవేసుకుని ఉన్నాయో అందులో చూపించారు. ఊరి నుంచి విడిపోయిన స్వచ్ఛమైన క్రైస్తవ సంస్కృతి ఒకటి ఉందన్నది ఆనాడే కాగితం మీది మాట. విదేశీ శబ్దం వద్దని గిటారును అడ్డుకునే పెద్దలు సొంత ఊరి శబ్దం కావాలని డప్పును ఎప్పుడైనా లోపలికి పిలిచారా? పిలవలేదు. అమెరికా డ్రమ్స్ సెట్టుకు ముందు చీవాట్లు పడినా, తర్వాత ఓ మూల చోటు దొరికింది. డప్పుకు చాలాచోట్ల అదీ దొరకలేదు. కాబట్టి స్వదేశీ, విదేశీ అన్న వాదనకు నేను విలువ ఇవ్వలేను. దాని అడుగున కులం భయం ఉంది. రేపు మెదక్ యువకులు ఒక రాక్ ఆల్బం కడితే అందులో ఎలక్ట్రిక్ గిటారు పక్కన డప్పు ఉండాలని నా కోరిక. రొసెట్టా థార్ప్ గిటారు వెనక ఎవరి చెమట ఉందో, మాదిగవాడ డప్పు వెనకా అలాంటి చెమటే ఉంది.

ప్రత్యర్థుల్లో నిజాయితీగా బాధపడేవాళ్లున్నారు. వాళ్ల మాటకు జవాబు చెప్పాలి. ఆమోసు ప్రవచనంలో దేవుడు మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి అన్న భావంతో మాట్లాడాడు కదా అంటారు. అన్నాడు. ఆ అధ్యాయం మొత్తం చదవండి. దరిద్రుని తొక్కేవాళ్లు, ధాన్యం లాక్కునేవాళ్లు, లంచం తిని న్యాయం తప్పించేవాళ్లు పాడుతున్నారు కాబట్టి ఆయనకు ఆ పాట వినాలని లేదు. స్వరమండలానికి బదులు ఇంకో వాయిద్యం వాయిస్తే వింటానని ఆయన అనలేదు. డయాసిస్ ఎన్నికల్లో, సంఘ ఆస్తుల తగాదాల్లో మనం ఎలా ప్రవర్తిస్తున్నామో చూసుకుని ఆ వాక్యం చదువుకుంటే ఎవరి పాట ఆయనకు భారమో తెలుస్తుంది.

భక్తి తగ్గింది, లైట్లు పెరిగాయి, పాడేవాడు దేవుడి కంటే పెద్దగా కనిపిస్తున్నాడు అన్న ఆరోపణ ఉంది. అందులో నిజం ఉంది. అయితే ఆ జబ్బు రాక్‌తో రాలేదు. నాలుగు గొంతుల్లో కష్టమైన ఇంగ్లీషు ఆంథెమ్ పాడి సంఘాన్ని నోరు మూయించిన క్వయర్‌లు మన చర్చిల్లో ఎన్ని లేవు? సంఘం ప్రేక్షకులైపోవడమే జబ్బు అయితే, గౌను వేసుకున్న క్వయర్ వల్ల వచ్చినా జీన్స్ వేసుకున్న బ్యాండు వల్ల వచ్చినా జబ్బు ఒక్కటే.

కొత్త ఆల్బంల మీద నాకూ కోపం ఉంది, కానీ అది వేరే చోట. శ్రుతి చాలా పైన పెడతారు. పాడే కుర్రవాడి గొంతుకు సరిపోతుంది, ముప్పై ఏళ్లు దాటినవాళ్లు పల్లవి దగ్గరే ఆగిపోతారు. చరణం ఎప్పుడు మొదలవుతుందో డ్రమ్మర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మాట తెలుగే అయినా వాక్యం ఇంగ్లీషు పాటది. హిల్‌సాంగ్ వాళ్ల ఇంగ్లీషు ఆరాధన ట్యూన్ మీద అక్షరాలు కుక్కితే తెలుగు దీర్ఘాలు హ్రస్వాలై, హ్రస్వాలు సాగిపోయి, పాడేవాడికే తన భాష పరాయిదవుతుంది. పురుషోత్తమ చౌదరి ఈ పని చేయలేదు. ఆయన రాగాన్ని అరువు తెచ్చుకున్నారు గానీ మాటను తెలుగు నాలుక మీదే కూర్చోబెట్టారు.

ఇంకో లోటు ఇంతకంటే పెద్దది. కొత్త పాటల్లో దుఃఖం లేదు. బైబిలు కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే. శత్రువు నవ్వుతున్నాడు, దేవా నువ్వెక్కడున్నావు అని అడిగేవే. బోరు ఎండిపోయి అప్పులపాలైన రైతులు, గల్ఫ్ వెళ్లిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లులు ఉన్న ప్రాంతం ఇది. వాళ్లు ఆదివారం వచ్చి విజయం, జయం, ఆశీర్వాదం అన్న మాటలే పాడి వెళతారు. వాళ్ల నోట్లో ఉన్న ప్రశ్నకు పాట లేదు. లోకపు శబ్దం అని మనం దూరం పెడుతున్న రాక్‌కు ఈ పని బాగా తెలుసు. అడగడం తెలుసు, కోపపడటం తెలుసు, ఒక గిటారు తీగ మీద గుండె పగిలినట్టు ఏడవడం తెలుసు. ఆరాధన శబ్దంలోకి రాక్ రావడం వల్ల మనం పోగొట్టుకునేది ఏదీ నాకు కనిపించడం లేదు. పోగొట్టుకున్న మొర కీర్తన తిరిగి దొరకవచ్చు.

కాబట్టి పాస్టరేట్ కమిటీలకు నేను అడిగేది ఒక్కటే. మీ యూత్ బ్యాండు తెచ్చిన పాటలను వాయిద్యాల లెక్క చూసి తోసేయకండి. ఒక ఆదివారం సాయంత్రం వాళ్లను పల్లె సంఘానికి తీసుకెళ్లండి. కీబోర్డు, ఆంప్లిఫయర్, ట్రాక్ అన్నీ ఇంటి దగ్గరే వదిలి రమ్మనండి. ఒక డప్పు, ఒక మామూలు గిటారు చాలు. పల్లవి రెండుసార్లు పాడి ఆగమనండి. మూడోసారి వెనక వరసల్లోని ఆడవాళ్లు అందుకున్నారా లేదా చూడండి. అందుకుంటే ఆ పాటను కీర్తనల పుస్తకం పక్కన పెట్టుకోండి, ఆల్బంలో దానికి ఎంత పెద్ద డ్రమ్స్ ఉన్నా సరే. అందుకోకపోతే, బ్యాండు వాళ్లతో కూర్చుని శ్రుతి దించమనండి, మాట మార్చమనండి, మళ్లీ పాడమనండి.

ఆ పని చేయడానికి సంగీతం తెలిసిన పెద్దలు మన దగ్గర ఇంకా ఉన్నారు. రాగం పేరు చెప్పగానే ఎత్తుకునే క్వయర్ మాస్టర్లు ఉన్నారు. వాళ్ల చెవి, ఈ పిల్లల చేయి ఒక గదిలో కలవాలి. ఈ ఆల్బం ఆరాధనా, లోకమా అని గేటు దగ్గర నిలబడి అడగడం మానేసి ఆ గదిలోకి రండి. అక్కడ చేయాల్సిన పని చాలా ఉంది, శ్రమల శుక్రవారానికి ఒక మంచి మొర పాట కట్టడంతో మొదలుపెట్టవచ్చు.